మ్యాజిక్ కింగ్‌డమ్‌లో పరేడ్ రోజు భోజనం: ముందా, చూశాకా, చూసే వేళకేనా?

అమెరికాలో ఒర్లాండో దగ్గరున్న డిస్నీ వినోద పార్కు మ్యాజిక్ కింగ్‌డమ్‌కి వెళ్ళేవాళ్ళు రెస్టారెంట్ బుక్ చేసేటప్పుడు చాలామంది గడియారం ఒక్కటే చూస్తారు. పరేడ్ (డిస్నీ పాత్రలు, అలంకరించిన పెద్ద బండ్ల ఊరేగింపు) మూడింటికి కదా, ఒంటిగంటన్నరకి కూర్చుంటే రెండున్నరకి లేచిపోవచ్చు అనుకుంటారు. ఇంట్లో కూర్చుని వేసినప్పుడు ఈ లెక్క బాగానే ఉంటుంది. అక్కడికి వెళ్ళాక ఒకటిన్నర టేబుల్ ఒకటీ యాభైకి గానీ దొరకదు. బిల్లు కట్టి, పిల్లల్ని బాత్రూమ్‌కి తిప్పి బయటికొచ్చేసరికి 2:50. అప్పటికే దారికి అటూ ఇటూ తాళ్ళు కట్టేసి ఉంటాయి. నిలబడదామనుకున్న చోటేమో రోడ్డుకి అవతల.

టైము కుదరాలంటే ముందు రెండు సంగతులు తేలాలి. పరేడ్ ఏ చివర బయలుదేరి ఏ చివరకి పోతుంది? మీ రెస్టారెంట్ ఆ దారికి ఏ పక్కన ఉంది?

దారి లెక్క

పగటి పరేడ్ పేరు ఫెస్టివల్ ఆఫ్ ఫాంటసీ. 2014 మార్చి నుంచి నడుస్తోంది. ఎక్కువ రోజులు మధ్యాహ్నం 12కి ఒకసారి, 3కి ఒకసారి ఉంటుంది. కొన్ని రోజులు ఒక్కటే ఉంటుంది, అప్పుడప్పుడు గంటలు కూడా మారతాయి. అందుకని బుకింగ్ చేసే రోజు ఒకసారి, వెళ్ళే ముందు రోజు రాత్రి ఇంకోసారి డిస్నీ యాప్‌లో టైములు చూసుకోవాలి.

పార్కులో ఒక భాగమైన ఫ్రాంటియర్‌ల్యాండ్ చివర గేటు తెరుచుకుని పరేడ్ బయలుదేరుతుంది. లిబర్టీ స్క్వేర్ దాటి, వంతెన మీదుగా పార్కు మధ్యలోని సిండరెల్లా కోట ముందున్న రౌండ్‌కి వచ్చి, మెయిన్ స్ట్రీట్ పొడుగునా నడిచి, పార్కు ప్రధాన ద్వారం దగ్గరి టౌన్ స్క్వేర్‌లో ముగుస్తుంది. ఒక చోట నిలబడ్డవాళ్ళ ముందు నుంచి మొత్తం దాటడానికి 12 నిమిషాలు పడుతుంది. యాప్‌లో 3:00 అని కనబడేది ఫ్రాంటియర్‌ల్యాండ్‌లో బయలుదేరే టైము. మెయిన్ స్ట్రీట్‌కి చేరేసరికి మరో పావుగంట, ఇరవై నిమిషాలు అవుతుంది.

ఎంపిక అంతా ఈ ఇరవై నిమిషాల తేడా మీదే ఆడుతుంది. తిని వచ్చి చూసేవాళ్ళు దారి చివర, అంటే మెయిన్ స్ట్రీట్, టౌన్ స్క్వేర్ వైపు నిలబడాలి. భోజనం కాస్త ఆలస్యమైనా ఆ ఇరవై నిమిషాలు కాపాడతాయి. చూసి వెళ్ళి తినేవాళ్ళు దారి మొదట్లో, ఫ్రాంటియర్‌ల్యాండ్‌లో నిలబడాలి. మెయిన్ స్ట్రీట్ జనం ఇంకా మెడలు చాచి చూస్తుండగానే మీరు పూర్తిగా చూసేసి టేబుల్ వైపు నడుస్తుంటారు. దీన్ని తిరగేస్తేనే తిప్పలన్నీ. భోంచేసి పరుగున ఫ్రాంటియర్‌ల్యాండ్‌కి పోవడం ఒక రకం, మెయిన్ స్ట్రీట్‌లో చూసి ఆ గుంపులోంచి ఈదుకుంటూ రెస్టారెంట్‌కి పోవడం ఇంకో రకం.

రెండోది, పక్కల లెక్క. ప్రధాన ద్వారంలోంచి కోట వైపు ముఖం పెట్టి నిలబడితే ఎడమ చేతి వైపు క్రిస్టల్ ప్యాలెస్ రెస్టారెంట్, దాన్ని దాటి అడ్వెంచర్‌ల్యాండ్, అందులో స్కిప్పర్ క్యాంటీన్ ఉంటాయి. కుడి చేతి వైపు టోనీస్ టౌన్ స్క్వేర్, మెయిన్ స్ట్రీట్ చివర్లో ప్లాజా రెస్టారెంట్, ఆ పైన టుమారోల్యాండ్. కోట లోపల సిండరెల్లాస్ రాయల్ టేబుల్, కోట వెనక ఫాంటసీల్యాండ్‌లో బీ అవర్ గెస్ట్. లిబర్టీ ట్రీ ట్యావెర్న్ సరిగ్గా పరేడ్ దారి మీదే ఉంది. పరేడ్ నడిచేటప్పుడు ఈ దారి పార్కుని రెండు ముక్కలు చేస్తుంది. అడ్వెంచర్‌ల్యాండ్, క్రిస్టల్ ప్యాలెస్ ఒక ముక్కలో ఉండిపోతాయి. ఫాంటసీల్యాండ్, టుమారోల్యాండ్, ప్లాజా, టోనీస్ రెండో ముక్కలో. ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి వెళ్ళాలంటే రోడ్డు దాటాల్సిందే. సిబ్బంది కొన్ని చోట్ల చివరి నిమిషం దాకా దాటనిస్తారు గానీ, స్ట్రోలరూ (పిల్లల్ని తోసే బండి) అమ్మమ్మా ఉన్న కుటుంబం దాని మీద ఆశ పెట్టుకోకూడదు. పరేడ్ టైముకి 20 నిమిషాల ముందే మీ ముక్కలో మీరుండాలి.

చూశాక తినడం

తెలుగు కుటుంబాలకి మేము ముందు చెప్పే దారి ఇదే. 12 గంటల పరేడ్ అయితే మరీ బాగా కుదురుతుంది.

ఎలాగంటే: 11:30కల్లా ఫ్రాంటియర్‌ల్యాండ్‌లో, కంట్రీ బేర్ షో ఉన్న భవనాల వైపు నిలబడండి. ఎదురు పక్క వద్దు. ఇక్కడ అరగంట ముందు వస్తే చాలు, పిల్లలకి ముందు వరుస దొరికే అవకాశం ఎక్కువ. మెయిన్ స్ట్రీట్‌లో అదే ముందు వరుస కావాలంటే 45 నిమిషాల నుంచి గంట ముందు కూర్చోవాలి. పన్నెండింటికి పరేడ్ మొదలై, పన్నెండుంబావుకల్లా మీ ముందు నుంచి పూర్తిగా వెళ్ళిపోతుంది. వెనక్కి తిరిగితే భవనాల మధ్య అడ్వెంచర్‌ల్యాండ్‌లోకి సందు ఉంది. అందులోనే బాత్రూమ్‌లు కూడా ఉన్నాయి. రోడ్డు దాటే పని లేదు, పరేడ్‌తో పాటు నడిచే గుంపు లేదు. స్కిప్పర్ క్యాంటీన్‌లో 12:45 టేబుల్‌కి నింపాదిగా నడిచి వెళ్ళొచ్చు. మన భోజనం వేళ కూడా అదే కదా.

12:30కి ఎందుకు పెట్టుకోకూడదు? పెట్టుకోవచ్చు, కానీ పరేడ్ ఐదు పది నిమిషాలు ఆలస్యంగా బయలుదేరడం మామూలే. రిజర్వేషన్ టైము దాటాక సాధారణంగా 15 నిమిషాలు ఆగుతారు. ఆ 15 నిమిషాలు చేతిలో ఉంచుకోవాలి గానీ ముందే ఖర్చు పెట్టేయకూడదు.

మూడు గంటల పరేడ్‌కి ఇదే పద్ధతిలో 3:45 లేదా 4:00 టేబుల్ సరిపోతుంది. ఈ టైముకి ఇంకో లాభం ఉంది. లంచ్‌కీ డిన్నర్‌కీ మధ్య పడే వేళ కాబట్టి బుకింగ్ దొరకడం తేలిక. ఒంటిగంటకీ సాయంత్రం ఆరింటికీ పోటీ పడేంత జనం నాలుగింటికి పడరు. చిక్కల్లా పొట్టతోనే. ఉదయం ఎనిమిదింటికి తిన్న పిల్లలు నాలుగింటి దాకా ఆగరు. పన్నెండున్నరకి చిన్న పిజ్జా ముక్కో, చేతి సంచీలోని చేగోడీలో పడాలి.

ఆలస్యం అవుతుందని తెలిసినప్పుడు యాప్‌లోనే టైము మార్చి చూడండి. కుదరకపోతే రెస్టారెంట్ ముందున్న డెస్క్ దగ్గరికి ఒక్కరు ముందుగా వెళ్ళి చెప్పాలి. ఐదుగురు కలిసి ఇరవై నిమిషాల తర్వాత రొప్పుతూ చేరడం కన్నా, ఒక్కరు టైముకి చేరి "మిగతావాళ్ళు పది నిమిషాల్లో వస్తున్నారు" అనడం మేలు. కొన్నిచోట్ల అందరూ వస్తేనే కూర్చోబెడతారు. అయినా పేరు కొట్టేయకుండా ఉంటుంది.

తిన్నాక చూడడం

మూడింటి పరేడ్‌ని మెయిన్ స్ట్రీట్‌లోనే, కోట వెనక కనబడేలా చూడాలి, ఫోటోలు కావాలి అనేవాళ్ళకి ఇది తగినది. రెస్టారెంట్ క్రిస్టల్ ప్యాలెస్ అయితే అన్నీ ఒక వరుసలో పడతాయి.

క్రిస్టల్ ప్యాలెస్ బఫే. విన్నీ ది పూ, టిగ్గర్, పిగ్లెట్, ఈయోర్ అనే కార్టూన్ పాత్రలు టేబుళ్ళ మధ్య తిరుగుతుంటారు. పిల్లలున్న ఇంట్లో వాళ్ళు నలుగురూ మీ టేబుల్ దగ్గరికి వచ్చి ఫోటో అయ్యేదాకా లేవడం కుదరదు. కాబట్టి దీనికి గంటన్నర రాసుకోండి. 12:15కి బుక్ చేస్తే 12:30కి కూర్చుంటారు, రెండు గంటల ప్రాంతంలో బయటపడతారు. అక్కడి నుంచి రోడ్డు దాటకుండానే మెయిన్ స్ట్రీట్ ఎడమ పక్కకి రావచ్చు. ఆ పక్కన కొట్లు లోలోపల కలిసే ఉంటాయి. ఎంపోరియం లోపల్నుంచి ఏసీలో నడుచుకుంటూ దాదాపు టౌన్ స్క్వేర్ దాకా దిగొచ్చు. బయట ఫుట్‌పాత్ కిక్కిరిసిన వేళ ఇది పెద్ద ఉపకారం. 2:20 ప్రాంతంలో అంచున చోటు చూసుకుని కూర్చుంటే 3:15, 3:20కి పరేడ్ మీ ముందుకి వస్తుంది.

మెయిన్ స్ట్రీట్ ఉత్తర దక్షిణాలుగా ఉంటుంది. ఎడమ వైపు పడమర. మూడింటికి సూర్యుడు పడమటికి వాలుతూ ఉంటాడు కాబట్టి నీడ పడితే ఈ వైపే పడుతుంది. వేసవిలో ఆ నీడ సన్నగా ఉంటుంది, అయినా ఫ్లోరిడా ఎండలో గంటసేపు కూర్చునేవాళ్ళకి మూరెడు నీడ కూడా లెక్కే. పన్నెండు గంటల పరేడ్‌కి మాత్రం ఏ వైపూ నీడ ఆశించకండి.

ప్లాజాలోనో టోనీస్‌లోనో తింటే కుడి పక్కనే నిలబడండి. ఎడమ పక్క నీడ కోసం రోడ్డు దాటుదామన్న ఆలోచన 2:15 లోపు అయితే సరే, తర్వాత వద్దు. ప్లాజాలో ఎవరికి కావల్సింది వాళ్ళు చెప్పి తెప్పించుకోవచ్చు, గంటలో తేలిపోతుంది. 1:00 టేబుల్ చాలు. టోనీస్ ఇటాలియన్ వంట, గంటా పావుగంట. పరేడ్ చివరి మజిలీ అయిన టౌన్ స్క్వేర్‌లోనే ఉంది కాబట్టి, తిని వచ్చి చూసేవాళ్ళలో కాస్త ఆలస్యమైనా ఇబ్బంది పడనిది టోనీస్‌లో కూర్చున్నవాళ్ళే. దాని వంటకి గొప్ప పేరేమీ లేదు. చోటు మంచిది, అంతే.

సిండరెల్లాస్ రాయల్ టేబుల్, బీ అవర్ గెస్ట్ ఈ రెండింటినీ పరేడ్‌కి ముందు పెట్టుకోవద్దు. రెండూ వరుసగా ఒక్కొక్కటే వడ్డించే భోజనాలు. కోటలో అయితే రాకుమార్తెలు టేబుల్ దగ్గరికి రావాలి కూడా. గంటన్నర తేలిగ్గా పడుతుంది, మనం తొందరపెట్టినా వంటగది తొందరపడదు. అంత డబ్బు పోసి కూర్చున్నచోట మాటిమాటికీ గడియారం చూసుకోవడం దేనికి? వాటిని పరేడ్ లేని పూటకి ఉంచుకోండి.

పరేడ్ నడిచే వేళకే తినడం

ఇప్పటికే ఒకసారి పరేడ్ చూసినవాళ్ళకి, జనాన్ని చూస్తేనే నీరసం వచ్చే పెద్దవాళ్ళకి ఇది హాయి. వేలమంది రోడ్డంచున ఉన్నప్పుడు మీరు ఏసీలో కూర్చుంటారు. అనుకూలమైనది బీ అవర్ గెస్ట్, లేదా అడ్వెంచర్‌ల్యాండ్‌లో స్కిప్పర్ క్యాంటీన్. ఎందుకంటే తిని బయటికి రాగానే పరేడ్ దారిలో పడరు.

లిబర్టీ ట్రీ ట్యావెర్న్‌లో 2:40కి బుక్ చేసి కిటికీలోంచి పరేడ్ చూద్దామనేది చాలామందికి తట్టే ఉపాయం. పరేడ్ ఆ గుమ్మం ముందు నుంచే పోతుంది, నిజమే. కానీ కిటికీ టేబుల్ బుక్ చేసుకునే వీలు లేదు, అడిగినా ఇస్తారన్న నమ్మకం లేదు. దొరికినా కిటికీకీ పరేడ్‌కీ మధ్య రోడ్డంచున నిలబడ్డ జనం వీపులు ఉంటాయి. పైగా 2:40కి ఆ గుమ్మం చేరడమే ఒక పని. లిబర్టీ స్క్వేర్ ఆ వేళకి నిండిపోయి ఉంటుంది. అక్కడే తినాలని ఉంటే 2:15కి పెట్టుకుని పరేడ్ సంగతి మరిచిపోండి. లేదా నాలుగింటికి పెట్టుకోండి.

ఇంట్లో సగం మందికి పరేడ్ కావాలి, సగం మందికి వద్దు అనుకోండి. చిన్న పిల్లాడు నిద్రపోయాడు, తాతగారికి కాళ్ళు లాగుతున్నాయి. అప్పుడు టేబుల్ రిజర్వేషన్‌తో కుస్తీ వద్దు, కౌంటర్ భోజనం చూసుకోండి. లిబర్టీ స్క్వేర్ చివర ఫాంటసీల్యాండ్ వైపున్న కొలంబియా హార్బర్ హౌస్ మేడ మీద కూర్చునే చోటుంటుంది. మొబైల్ ఆర్డర్‌లో తీసుకునే టైము ఉదయమే ఎంచుకోండి. పరేడ్ వేళ కళ్ళముందే ఆ స్లాట్లు అయిపోతుంటాయి. స్లాట్ వచ్చాక యాప్‌లో "వచ్చేశాం" అన్న బటన్ నొక్కితే గానీ వంట మొదలవదు. ఇది తెలియక కౌంటర్ ముందు పావుగంట నిలబడేవాళ్ళు రోజూ కనిపిస్తారు.

రాత్రి పరేడ్ ఉంటే లెక్క వేరు

మెయిన్ స్ట్రీట్ ఎలక్ట్రికల్ పరేడ్ 2016 అక్టోబరులో ఆగిపోయాక ఈ పార్కులో మామూలు రాత్రుల్లో పరేడే లేకుండా పోయింది. 2025 జులై 20న డిస్నీ స్టార్‌లైట్ అనే రాత్రి పరేడ్ మొదలైంది. దాదాపు తొమ్మిదేళ్ళ ఎడం, అందుకే దీనికి జనం తాకిడి ఎక్కువ. చాలా రాత్రులు రెండుసార్లు నడుస్తుంది, మధ్యలో హ్యాపిలీ ఎవర్ ఆఫ్టర్ బాణసంచా. గంటలు పార్కు మూసే వేళని బట్టి మారిపోతుంటాయి.

యాప్‌లో మొదటి పరేడ్ 8:15, బాణసంచా 9:20, రెండో పరేడ్ 10:15 అని ఉందనుకుందాం. ఏడింటికి డిన్నర్ బుక్ చేసేవాళ్ళే ఎక్కువ. అదే పొరపాటు. ఏడింటి టేబుల్ 8:20కి వదులుతుంది. మొదటి పరేడ్ పోతుంది, బాణసంచాకి మంచి చోటు కూడా దొరకదు, ఎందుకంటే పరేడ్ చూసిన జనమే అక్కడ పాతుకుపోయి ఉంటారు. రెండు దారులున్నాయి. చిన్న పిల్లలుంటే 5:15కి డిన్నర్, 6:45కి లేచి, ఏడున్నర లోపు చోటు పట్టుకుని, మొదటి పరేడ్, బాణసంచా రెండూ అక్కడే చూసి ఇంటికి. పిల్లలు పెద్దవాళ్ళయితే 7:30కి డిన్నర్ చేసి, 9:00కి లేచి బాణసంచాని ఎక్కడో ఓ చోట నిలబడి చూసి, రెండో పరేడ్‌ని తీరిగ్గా చూడండి. బాణసంచా అవగానే సగం పార్కు గేటు వైపు పోతుంది. ఆ వెల్లువ మెయిన్ స్ట్రీట్ మీదుగా వెళ్ళేదాకా ఆగితే, రెండో పరేడ్‌కి పది నిమిషాల ముందు కూడా రోడ్డంచు దొరుకుతుంది. రాత్రి ఏ చివర నుంచి మొదలవుతుందో దారిలో ఉన్న సిబ్బందిని ఆ పూటే అడిగి, చోటు దానికి తగ్గట్టు ఎంచుకోండి.

పార్కు బయట తినడం కూడా ఒక దారే. కాంటెంపరరీ రిసార్ట్ పార్కు గేటు నుంచి పది నిమిషాల నడక. షెఫ్ మిక్కీస్ అక్కడే ఉంది. టికెట్‌తో అదే రోజు మళ్ళీ లోపలికి రావచ్చు. వెళ్ళడం, తినడం, మళ్ళీ సెక్యూరిటీ దాటడం అన్నీ కలిపి రెండున్నర గంటలు. మధ్యాహ్నం పరేడ్ చూసి, బయటపడి, రాత్రికి తిరిగొచ్చేవాళ్ళకి తప్ప మిగతావాళ్ళకి అంత లాభం లేదు.

ఆగస్టు నుంచి డిసెంబరు దాకా వెళ్ళేవాళ్ళు ఇంకోటి చూసుకోవాలి. హాలోవీన్, క్రిస్మస్ పార్టీలున్న రోజుల్లో మామూలు టికెట్ వాళ్ళకి పార్కు సాయంత్రం ఆరింటికే ముగుస్తుంది. ఆ రాత్రి స్టార్‌లైట్ గానీ, మామూలు బాణసంచా గానీ మీకు ఉండవు. పార్టీ టికెట్ కొన్నవాళ్ళకి వేరే పరేడ్ ఉంటుంది. అలాంటి రోజున మామూలు టికెట్‌తో 5:30కి డిన్నర్ పెట్టుకోవడమంటే రోజులో చివరి అరగంటని టేబుల్ దగ్గర పోగొట్టుకోవడమే. ఆ రోజు పన్నెండు గంటల పరేడ్, 12:45 భోజనం, ఆపైన సాయంత్రం దాకా రైడ్లు.

వాన

జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఫ్లోరిడాలో మధ్యాహ్నం ఉరుములతో వాన దాదాపు రోజువారీ వ్యవహారం. ఎక్కువగా రెండింటికీ ఐదింటికీ మధ్య. మూడింటి పరేడ్ సరిగ్గా దాని నోట్లో పడుతుంది. మెరుపులుంటే ఆలస్యం చేస్తారు, ఆపేస్తారు, లేదా పెద్ద బండ్లు లేకుండా పాత్రలతో చిన్న ఊరేగింపు తీసి అయిపోయిందనిపిస్తారు. పరేడ్ ముఖ్యం అనుకునేవాళ్ళు ఆ నెలల్లో పన్నెండు గంటలదే పట్టుకోవాలి.

రిజర్వేషన్‌తో దీనికి ఒక లంకె ఉంది. రద్దు చేసుకోవాలంటే రెండు గంటల ముందు చేయాలి. లేకపోతే మనిషికి 10 డాలర్ల చొప్పున కార్డు మీద పడుతుంది. ఐదుగురికి 50 డాలర్లు. నాలుగింటి టేబుల్‌కి గడువు రెండింటికే అయిపోతుంది. వాన పరేడ్‌ని మింగేసిందో లేదో తేలేది మూడింటికి. అంటే పరేడ్ 3:30కి జరిగినప్పుడు మీకు టేబుల్‌ని ఉచితంగా రద్దు చేసుకునే వీలుండదు, పరేడో భోజనమో ఏదో ఒకటి వదులుకోవాలి. అందుకే వాన నెలల్లో 4:00 బదులు 4:30 పెట్టుకోమంటాం.

శాకాహారులకి రెస్టారెంట్ ఎంపిక

ఇక్కడ టైము కన్నా బిల్లే ఎక్కువ మాట్లాడుతుంది. లిబర్టీ ట్రీ ట్యావెర్న్, బీ అవర్ గెస్ట్, క్రిస్టల్ ప్యాలెస్, కోట, ఇవన్నీ మనిషికింత అని కట్టించుకునేవి. పదేళ్ళు నిండితే పెద్దల రేటే. మూడు నుంచి తొమ్మిదేళ్ళ వాళ్ళకి పిల్లల రేటు. మూడేళ్ళలోపు వాళ్ళు బఫేలో మీతో పాటే ఉచితంగా తినొచ్చు. లిబర్టీ ట్రీలో వడ్డించేది ప్రధానంగా టర్కీ, బీఫ్, పోర్క్. మాంసం లేని పళ్ళెం అడిగితే ఇస్తారు, కానీ రేటు మారదు. అన్నం రెండు ముద్దలు తిని లేచే నాయనమ్మకి ఆ డబ్బు కట్టడం గిట్టదు. అలాంటివాళ్ళుంటే ఎవరి పళ్ళానికి వాళ్ళు కట్టే స్కిప్పర్ క్యాంటీన్, ప్లాజా మేలు. కాస్త మసాలా తగిలే వంట స్కిప్పర్ క్యాంటీన్‌దే. బఫేలో ఒక సుఖం ఉంది, కళ్ళతో చూసి వేసుకోవచ్చు.

మెనూలో ఆకు బొమ్మ ఉన్న వంటకంలో మాంసం, పాలు, గుడ్లు, తేనె ఏవీ ఉండవు. ఆకు లేనిదాని సంగతి అడిగి తెలుసుకోవాలి. "వెజిటేరియన్" అని ఊరుకుంటే చాలదు. చేప వద్దు, గుడ్డు వద్దు, మాంసం ఉడికించిన నీళ్ళు కలిపిన సూపూ గ్రేవీ వద్దు అని విడివిడిగా చెప్పండి. ఉడకబెట్టిన బంగాళదుంప ముద్ద మీద పోసే గోధుమరంగు గ్రేవీ దగ్గరే ఎక్కువమంది బోల్తా పడతారు. బుకింగ్‌లో ఆహార నియమాల పెట్టె ఉంటుంది, అందులో రాసి, కూర్చున్నాక వెయిటర్‌కి మళ్ళీ చెప్పాలి. ఉల్లి, వెల్లుల్లి కూడా వద్దంటే షెఫ్ వచ్చి మాట్లాడతారు. దానికి ఇంకో పదిహేను నిమిషాలు కలుపుకోండి, టైము లెక్క మారుతుంది.

బయటి తిండి లోపలికి రానిస్తారు. గాజు సీసాలు, విడి ఐసు ముక్కలు, వేడి చేయాల్సినవి కుదరవు. పులిహోర డబ్బా నిక్షేపంగా వెళ్తుంది. కౌంటర్ భోజనం అమ్మే చోట్ల ఐసు నీళ్ళు అడిగితే గ్లాసుడు ఉచితంగా ఇస్తారు. మెయిన్ స్ట్రీట్‌లో గంట ముందు చోటు పట్టుకున్నప్పుడు, రోడ్డంచున కూర్చుని డబ్బా మూతలో పెట్టుకుని తలా నాలుగు ముద్దలు తిన్నవాళ్ళకి నాలుగింటి టేబుల్ దాకా ఆగడం కష్టం కాదు. చింతపండు పులుపుకి త్వరగా చెడదు. పెరుగన్నం మాత్రం వద్దు.

బిల్లు ఊహించేటప్పుడు మెనూ ధర మీద 6.5 శాతం పన్ను కలపండి. ఆరుగురు, అంతకు మించి ఉంటే 18 శాతం టిప్పు వాళ్ళే వేసేస్తారు. అది చూసుకోకుండా మళ్ళీ టిప్పు రాయకండి.

బుకింగ్ ఎప్పుడు

60 రోజుల ముందు, ఒర్లాండో టైము ఉదయం 6 గంటలకి ఆన్‌లైన్‌లో తెరుచుకుంటుంది. ఫోన్‌లో అయితే 7కి. డిస్నీ హోటల్లో దిగేవాళ్ళకి ఇంకో సౌకర్యం ఉంది. చేరే రోజుకి 60 రోజుల ముందే, పది రోజుల బస దాకా అన్ని రోజులకీ ఒకేసారి బుక్ చేసుకోవచ్చు. కాబట్టి కోట, బీ అవర్ గెస్ట్ లాంటివి కావాలనుకుంటే ప్రయాణం చివరి రోజులకి వెతకండి. అవి బయటివాళ్ళకి ఇంకా తెరుచుకుని ఉండవు, పోటీ తక్కువ.

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో కూర్చుని బుక్ చేసేవాళ్ళకి ఆ ఆరు గంటలు అంటే అమెరికాలో వేసవి టైము నడిచేటప్పుడు మధ్యాహ్నం 3:30, నవంబరు నుంచి మార్చి మొదటి వారాల దాకా 4:30. ముందురోజే యాప్‌లో ఖాతా తెరిచి, అందరి పేర్లూ కలిపి, కార్డు ఎక్కించి ఉంచండి. ఇండియా కార్డుల్లో విదేశీ లావాదేవీలు ఆపేసి ఉంటే బ్యాంకు యాప్‌లో తెరవాలి. లేకపోతే టేబుల్ ఎంచుకున్నాక కార్డు దగ్గర ఆగిపోతుంది.

అనుకున్న టైము దొరకలేదా? రెండు గంటల ముందు దాకా ఉచిత రద్దు ఉంది కాబట్టి, అదే రోజు ఉదయం పది పదకొండు మధ్య వదిలేసిన టేబుళ్ళు మళ్ళీ కనిపిస్తాయి. 12:45 కావల్సినవాళ్ళు 10:30 నుంచి 10:45 మధ్య రెండు మూడుసార్లు చూడాలి. అదీ కాకపోతే యాప్‌లో వాక్‌అప్ లిస్టులో (బుకింగ్ లేనివాళ్ళు పేరు ఎక్కించుకునే జాబితా) చేరొచ్చు. దానికి రెస్టారెంట్ గుమ్మం దాకా వెళ్ళక్కర్లేదు గానీ, పార్కు లోపల ఉండాలి. ఫ్రాంటియర్‌ల్యాండ్‌లో చోటు పట్టుకున్నాక ఒకరు స్ట్రోలర్ దగ్గర కూర్చుని పేరు ఎక్కించేస్తే సరి. స్ట్రోలర్‌ని రెస్టారెంట్లోకి రానివ్వరు, బయట నిలిపే చోట్లో పెట్టాలి. పరేడ్ వేళ దారికి అడ్డంగా ఉన్నవాటిని సిబ్బంది పక్కకి జరిపేస్తారు కూడా. పిడికి ఎర్ర రిబ్బనో, పసుపు చున్నీయో కట్టుకోండి, వచ్చాక వందల నల్ల స్ట్రోలర్ల మధ్య వెతుక్కోనక్కర్లేదు.

పార్కింగ్‌లో కారు ఆపిన దగ్గర్నుంచి పార్కు లోపల అడుగు పెట్టేదాకా ట్రామ్, సెక్యూరిటీ, ఆపైన మోనోరైలో ఫెర్రీయో, 45 నిమిషాలకి తక్కువ వేయకండి. 12:45 టేబుల్, 11:30కి ఫ్రాంటియర్‌ల్యాండ్ అనుకుంటే కారు 10:30కల్లా ఆగి ఉండాలి.